స్నోషూలకు చెప్పుల సైజు చూడకండి

ప్రశ్న: మాది విశాఖ, ఎంవీపీ కాలనీ. జనవరిలో కెనడా పల్లెలో ఉంటున్న మా అమ్మాయి దగ్గరికి వెళ్తున్నాను. నా బరువు 72 కిలోలు. మంచులో కాలు దిగబడకుండా బూట్ల కింద కట్టుకునే వెడల్పాటి చట్రాలు, అదే స్నోషూలు, ఎలాంటివి తీసుకోవాలి?

జవాబు: పాదం కొలత కాదండీ, మోసే బరువు చూడాలి. కోటు, బూట్లు, బ్యాగు కలిపితే మీరు 80 కిలోలు దాటుతారు. తొక్కిన దారికి 25 అంగుళాల పొడవువి చాలు. మోకాటి లోతు పొడిపొడిగా ఉన్న మంచైతే 30 అంగుళాలవే నయం. ఆర్కే బీచ్ పొడి ఇసుకలో కాలు దిగబడుతుందే, దానికి రెండింతలు అనుకోండి.

తొడిగేటప్పుడు బొటనవేలి వెనక ఉబ్బు సరిగ్గా ఇరుసు (బూటు కట్టే చోట తిరిగే కడ్డీ) మీద ఉండాలి. బూటు ముందుకు జరిగితే కొస ఫ్రేముకు తగిలి బోర్లా పడతారు. ముందు పట్టీలు, ఆ తర్వాత మడమ పట్టీ బిగించండి. పది నిమిషాలు నడిచాక అవి వదులవుతాయి, మళ్లీ బిగించాలి. వెనక్కి మాత్రం అడుగు వేయొద్దు, స్నోషూ వెనక కొస మంచులో గుచ్చుకుంటుంది. ఆటో తిప్పినట్టు చుట్టూ తిరిగి రండి.

చాలామంది స్నోషూలను హీటరు పక్కన పెడతారు. వెచ్చని లోహానికి మంచు కరిగి అంటుకుని, బయటి చలికి అడుగున ఉండే లోహపు పళ్ల మధ్య గడ్డకడుతుంది. పట్టు పోయి జారతారు. బయల్దేరడానికి అరగంట ముందే వరండాలో పడేయండి.

కొనేముందు అక్కడే ఒకరోజు అద్దెకు తీసుకుని చూడండి.