సందేహాలు – సమాధానాలు: అండాశయానికి స్టెమ్ సెల్స్

ప్రశ్న: నాకు 38 ఏళ్లు. ఏఎంహెచ్ (అండాశయంలో మిగిలిన అండాల నిల్వను అంచనా వేసే రక్తపరీక్ష) 0.6 వచ్చింది, అది తక్కువట. ఎముక మజ్జలోని స్టెమ్ సెల్స్ (మూలకణాలు) తీసి అండాశయంలోకి ఎక్కిస్తే కొత్త అండాలు పుడతాయని, రెండున్నర లక్షలు అవుతుందని అంటున్నారు. చేయించుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: డబ్బు కట్టి మాత్రం చేయించుకోకండి. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాల ప్రకారం రక్త సంబంధ జబ్బులకు చేసే మార్పిడి వంటివి తప్ప, మిగతా స్టెమ్ సెల్ ప్రయోగాలు అనుమతి ఉన్న క్లినికల్ ట్రయల్‌లోనే (చికిత్స పనిచేస్తుందో లేదో పరీక్షించే అధ్యయనంలోనే) జరగాలి. ట్రయల్‌లో చేరినవారి దగ్గర ఆ చికిత్సకు డబ్బు తీసుకోకూడదు. సీటీఆర్‌ఐ (దేశంలోని క్లినికల్ ట్రయల్స్‌ను నమోదు చేసే రిజిస్ట్రీ) నంబరు అడగండి. ఆ రిజిస్ట్రీలో మీరు వెళ్తున్న ఆసుపత్రి పేరుందో లేదో మీరే చూసుకోండి. సూదిలో ఎక్కించేది పీఆర్‌పీ అయితే అది ప్లేట్‌లెట్లు ఎక్కువగా ఉన్న ప్లాస్మా, స్టెమ్ సెల్స్ కానే కాదు.

కొత్త అండాలు పుడతాయన్నదీ నిజం కాదు. మజ్జ కణాలు అండాలుగా మారవు. అవి విడుదల చేసే పదార్థాలతో అండాశయానికి రక్తప్రసరణ పెరిగి, మిగిలి ఉన్న ఫాలికల్స్ (అండాలు ఉండే చిన్న సంచులు) కొన్ని ఎదుగుతాయన్నది ఆశ. స్పెయిన్‌లోని వలెన్సియాలో 17 మందిపై చేసి 2018లో ప్రచురించిన అధ్యయనంలో చాలామందికి ఫాలికల్స్ పెరిగాయి, 5 గర్భాలు వచ్చాయి. కానీ క్రోమోజోములు సరిగా ఉన్న పిండాలు తక్కువే. అండాల లెక్క పెరిగినా వాటి వయసు 38 ఏళ్లే కదా! రక్తస్రావం, ఇన్‌ఫెక్షన్ అటుంచితే, ఫలితం కోసం ఎదురుచూస్తూ పోగొట్టుకునే నెలలే ఈ వయసులో పెద్ద నష్టం.

ముందు ఏఎంహెచ్ మళ్లీ చేయించండి. గర్భనిరోధక మాత్రలు వాడుతుంటే అది తక్కువగా చూపిస్తుంది. నెలసరి 2–5 రోజుల్లో యోని ద్వారా చేసే స్కాన్‌తో ఫాలికల్స్ లెక్కించాలి. మీ వారి వీర్య పరీక్షా అప్పుడే అయిపోవాలి. ఆరు నెలలుగా ప్రయత్నిస్తున్నా గర్భం రాకపోతే ఐవీఎఫ్ (టెస్ట్ ట్యూబ్ విధానం) గురించి డాక్టరుతో ఇప్పుడే మాట్లాడండి. ఒక్క సైకిల్‌లో అండాలు చాలకపోతే రెండు మూడు సైకిళ్ల పిండాలు దాచవచ్చు.

ప్రశ్న: వయసు 36. ఐదు నెలలుగా నెలసరి లేదు, ఎఫ్‌ఎస్‌హెచ్ (అండాశయాలు మందగిస్తే రక్తంలో పెరిగే హార్మోన్) 48. యవ్వనం, ఆయుష్షు పెరగడానికి స్టెమ్ సెల్ ప్యాకేజీ తీసుకోమంటున్నారు. పనిచేస్తుందా?
– పేరు వద్దు, కరీంనగర్

జవాబు: ఆయుష్షు పెంచుతుందనడానికి రుజువు లేదు. ముందు గర్భం లేదని నిర్ధారించుకోండి. తర్వాత టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), ప్రొలాక్టిన్ (పాల హార్మోన్), క్రోమోజోమ్ పరీక్షలు చేయించండి. 40 ఏళ్లలోపే అండాశయాలు మందగించినట్టు తేలితే, మీ ఎముకలకూ గుండెకూ రక్షణ ఈస్ట్రోజెన్ అనే హార్మోనే. వద్దనడానికి వేరే కారణం లేకపోతే దాన్ని 50 ఏళ్ల వరకు వాడతారు. గర్భసంచి ఉంటే ప్రొజెస్టరాన్‌తో కలిపే ఇవ్వాలి, లేకపోతే లోపలి పొర మందమవుతుంది. ఎముకల సాంద్రత చూసే డెక్సా స్కాన్ ఒకసారి తీయించండి.

ఇంకో మాట. ఈ స్థితిలోనూ నూటికి సుమారు ఐదుగురికి ఏ చికిత్సా లేకుండానే గర్భం వస్తుంది. ‘ఫలానా ఆమెకు ప్యాకేజీతో పాప పుట్టింది’ అని ఎవరైనా చెబితే ఆ లెక్క గుర్తుంచుకోండి. మీకు గర్భం వద్దనుకుంటే జాగ్రత్త పడాల్సిందీ అందుకే.