యానాం జనాభా పదేళ్లలో 77 శాతం ఎలా పెరిగింది?

అక్కడ అంతమంది పిల్లలు పుట్టారా, అసలు ఆంధ్రలో గోదావరి ఒడ్డున పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతపు ఊరు ఎలా వచ్చింది అని అడిగారు. పుట్టినవాళ్ల కంటే వచ్చి చేరినవాళ్లే ఎక్కువ. మాది ఏటికి ఆవలి ఒడ్డున ఎదుర్లంక. మా బంధువుల్లోనే కొన్ని కుటుంబాలు అలా వెళ్లాయి కాబట్టి చెప్పగలను.

బట్టల వ్యాపారం కోసం ఫ్రెంచివారు 1723లో ఇక్కడికి వచ్చారు, కొన్నాళ్లకే వదిలేశారు, 1731లో మళ్లీ వచ్చారు. పక్కనే ఇంజరంలో ఇంగ్లీషువాళ్ల వర్తక కేంద్రం ఉండేది. ఐరోపాలో యుద్ధం వచ్చినప్పుడల్లా యానాం చేతులు మారేది. 1817 ప్రాంతంలో ఫ్రెంచి పాలన స్థిరపడింది. 1880లో ఊరికి ఫ్రెంచి పద్ధతి మున్సిపాలిటీ, అంటే కమ్యూన్, వచ్చింది.

ఈ ఊరి బలమంతా దాని సరిహద్దులోనే ఉంది. శారదా చట్టం 1930లో అమలుకు వచ్చి బ్రిటిష్ ఇండియాలో బాల్యవివాహాలు నేరమైతే, చుట్టుపక్కల జిల్లాల వాళ్లు పిల్లలను తీసుకుని యానాం వచ్చి పెళ్లిళ్లు చేసుకుని వెళ్లేవారు. విదేశీ సరుకుల కోసం మంగళవారం సంతకు జనం విరగబడేవారు. పెళ్లిళ్ల సంగతి గర్వంగా చెప్పుకునేవాళ్లు ఇప్పటికీ తగులుతారు. నాకైతే అందులో గర్వించదగినదేమీ కనబడదు.

1954 జూన్ 13న యానాం విమోచనం జరిగింది, నవంబరు 1న పాలన భారత్ చేతికి వచ్చింది, చట్టబద్ధమైన బదిలీ 1962 ఆగస్టు 16న పూర్తయింది. పుదుచ్చేరికి ఎనిమిది వందల కిలోమీటర్ల పైన దూరమున్నా, పాత ఫ్రెంచి స్థావరం కాబట్టి దానితోనే ఉండిపోయింది.

ఇక జనాభా. 1991లో 20,297, 2001లో 31,394, 2011లో 55,626. ఆ 77 శాతం 2001 నుంచి 2011 వరకు పెరిగినది. మా చిన్నప్పుడు పంటు (ఏరు దాటించే పడవ) ఎక్కి యానాం వెళ్లేవాళ్లం. వంతెన వచ్చాక అది పక్కవీధి అయిపోయింది. కర్మాగారాల్లో పనులు, దగ్గరలో గ్యాస్ కంపెనీల రాక ఒక కారణం. కానీ నా లెక్కలో అసలు ఆకర్షణ పుదుచ్చేరి రేషన్ కార్డు, పింఛన్లు, వృత్తివిద్యా సీట్లలో యానాం ప్రాంతానికి విడిగా ఉన్న వాటా. మా చిన్నాన్న అద్దె ఇల్లు ముందు తీసుకుని పని తరువాత వెతుక్కున్నారు. వీటికి అయిదేళ్ల నివాసం చూపించాలి కదా!

సుమారు 30 చదరపు కిలోమీటర్ల యానాం ప్రాంతమంతా ఒకే మున్సిపాలిటీ. అందుకే జనగణన పట్టికలో పల్లె జనాభా సున్నా. మెట్టకూరు, కనకాలపేట, అడవిపొలం అన్నీ పట్టణమే. దరియాలతిప్పలో వల బాగుచేసుకునే మత్స్యకారుడూ పట్టణవాసే. సాంద్రతను మామూలు పట్టణాలతో పోల్చేటప్పుడు ఇది గుర్తుంచుకోండి.

అదే 77 శాతాన్ని ముందుకు పొడిగించి అంచనాలు మాత్రం వేయకండి. వందల మందికి పని ఇచ్చిన టైల్స్ కర్మాగారం 2012 జనవరి అల్లర్ల తర్వాత మూతపడింది. చిన్నాన్నకు అక్కడే పని. అది పోయాక రోజూ వంతెన దాటి ఇటువైపు పనికి వచ్చారు కానీ, ఇల్లు మాత్రం మార్చలేదు. కార్డు అక్కడిది మరి.