కాఫీ మరల పక్కన రేసు కారు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. పాత గృహోపకరణాల కేటలాగు తిరగేస్తుంటే కుట్టు మిషన్లకీ కాఫీ మరలకీ మధ్య కారు పందెం కథనం కనబడిందన్నావు. మంచి సరుకే దొరికింది. కానీ రాసేటప్పుడు కుట్టు మిషన్లనీ కాఫీ మరలనీ అవతల పారేసి, పందెం ఒక్కటే ఉంచుకున్నావు. వేగం, దుమ్ము, ప్రాణాలకు తెగించిన వీరులు! అవి ఎవరైనా రాస్తారు. మొదటి పేరాలో పాత కాగితం వాసన కూడా పట్టించావు. అది తీసెయ్.

"ఇంటి సామాన్ల మధ్య రేసింగేమిటో, విచిత్రం" అని ఒక్క వాక్యంతో దాటేశావు చూడు, నీ వ్యాసం మొదలవ్వాల్సింది అక్కడ. ప్యూజో వాళ్లు కార్లకంటే ముందు కాఫీ మరలు చేశారు. కార్లకు పేరుపడ్డ ఓపెల్ సంస్థ 1862లో కుట్టు మిషన్లతో మొదలైంది. 1911లో మొట్టమొదటి ఇండియానాపోలిస్ 500 మైళ్ల పందెం గెలిచిన మార్మన్ కారు, పిండిమరల యంత్రాలు చేసే సంస్థలో తయారైంది. మరి ఇందులో విచిత్రం ఏముంది?

నాకు బాగా ఇష్టమైన కథ 1895 నవంబరు 28న షికాగోలో జరిగిన పందెం. రోడ్ల నిండా మంచు. హైరోనిమస్ మ్యూలర్ అనే కుళాయిలు, పైపు సామాను తయారుచేసే ఆసామి ఒక బెంజ్ కారును దింపాడు. నడిపింది కొడుకు ఆస్కార్. చలికీ అలసటకీ చివర్లో అతను స్పృహ తప్పితే, అంపైరుగా పక్కన కూర్చున్న చార్లెస్ కింగ్ కారు అందుకుని గమ్యం చేర్చాడు. గెలిచింది ఫ్రాంక్ డ్యూరియా. సుమారు 54 మైళ్లకు ఆయనకు పది గంటల పైన పట్టింది (సైకిలు మీద హాయిగా వెళ్లిపోవచ్చు). మ్యూలర్ కారుది రెండో స్థానం.

ఇప్పుడు ఇదే సంగతి కుళాయిల కేటలాగులో వెయ్యాల్సి వచ్చిందనుకో. "రెండో స్థానం మాదే" అంటారు. అబద్ధం కాదు. కాకపోతే బయల్దేరింది ఆరు బళ్లు, చివరిదాకా వచ్చింది రెండే అన్న ముక్క ఎవరు వేస్తారు? అంపైరు నడిపాడని ఎవరు చెబుతారు? నీ కేటలాగు కథనం కూడా ఏదో అమ్మడానికి రాసిందే. ఏం అమ్మాలనుకున్నారో పక్క పేజీలో చూడు. టైర్లా, నూనె డబ్బాలా, లేక "మా స్టవ్వు కూడా ఇంత గట్టిది" అనిపించడమా?

కుర్రతనంలో నేనూ ఇలాంటి ప్రకటన ఒకటి నమ్మాను. "ప్రథమ విజేత" అంటే పందెం మొత్తానికే అనుకుని రాసేశాను. తీరా చూస్తే చిన్న ఇంజన్ల తరగతిలో ప్రథమం అట. వ్యాసం అచ్చయ్యాక ఒక పాఠకుడు ఆ సంగతి కార్డు మీద రాసి పంపాడు. వారం రోజులు టెన్షన్‌తో పోస్టు చూడాలంటేనే భయం వేసింది. అందుకే అంటున్నాను, ఆ పందెం ఫలితం అప్పటి దినపత్రికలో వెతుకు. కేటలాగు అచ్చయిన ఏడూ పందెం జరిగిన ఏడూ ఒకటే అనుకోకు.

ఈసారి రాసి పంపేటప్పుడు ఆ పేజీ ఫోటోతో పాటు ముందు పేజీ, వెనక పేజీ కూడా పెట్టు. కాఫీ మర ధర ఎంత వేశారో నాకు చూడాలని ఉంది.