జింక వేటకు విల్లు సైట్: ఒక పిన్నా, ఐదు పిన్నులా?

మీరు టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో ఉంటున్నారు, కొత్తగా కాంపౌండ్ బో (కప్పీలున్న విల్లు) కొన్నారు, ఈ సీజన్‌లో ట్రీస్టాండ్ (చెట్టుకు కట్టే వేట మంచె) మీద నుంచి వైట్‌టెయిల్ జింకను కొట్టాలనుకుంటున్నారు. విల్లుకు బిగించే సైట్‌లో పిన్ అంటే గురిపెట్టే చుక్క. షాపులో ఒకరేమో సింగిల్ పిన్ స్లైడర్ (దూరాన్ని బట్టి చక్రం తిప్పి జరిపే ఒకే పిన్) తీసుకోమంటే, ఇంకొకరు ఐదు పిన్నులది (ఒక్కో దూరానికి ఒక్కో పిన్) తప్ప వద్దంటున్నారు. ఏది మంచిదని అడిగారు.

మీ పరిస్థితికైతే సింగిల్ పిన్. దాన్ని 25 గజాలకు సెట్ చేసుకోండి, స్టాండ్ ఎక్కాక దాని చక్రం జోలికి మాత్రం పోకండి. స్లైడర్ కొని చక్రం తిప్పొద్దనడం ఏమిటి అనిపిస్తుంది కదా, కారణం చెబుతాను.

మామూలుగా వేట బాణం సెకనుకు 270, 280 అడుగుల వేగంతో పోతుంది. 280 అనుకుందాం. 25 గజాలకు గురి కుదిరిస్తే, జింక 15 గజాల్లో ఉన్నా 20 గజాల్లో ఉన్నా బాణం అంగుళం, అంగుళంన్నర పైన తగులుతుంది. 30 గజాల దగ్గర రెండున్నర అంగుళాలు కిందకు దిగుతుంది. జింక గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు ఎనిమిది నుంచి పది అంగుళాలు ఉంటుంది. అంటే చెట్టు మొదలు నుంచి 30 గజాల దాకా ఎక్కడ నిలబడినా ఆ చోటు మధ్యలో పిన్ పెట్టి వదిలేయొచ్చు, లెక్కలేమీ అక్కర్లేదు. అదే పిన్‌తో 40 గజాల జింకను కొట్టబోతే బాణం దాదాపు పదకొండు అంగుళాలు కిందకు పోతుంది. కాలికి తగలొచ్చు, పొట్ట కింద నుంచి పోవచ్చు. అందుకే 30 దాటితే వదలకూడదని ముందే మనసులో గట్టిగా అనుకోవాలి.

30 దగ్గర ఆగడానికి సైట్‌తో సంబంధం లేని కారణం కూడా ఉంది. నారి చప్పుడు సెకనుకు 1,100 అడుగులకు పైగా వేగంతో వెళ్తుంది. 30 గజాల్లో ఉన్న జింకకు చప్పుడు సెకనులో పన్నెండో వంతులో వినిపిస్తే, బాణం చేరడానికి మూడో వంతు పడుతుంది. ఆ మధ్యలో వైట్‌టెయిల్ పరుగు తీయడానికి కాళ్ళు ముడిచి ఒళ్ళు కిందకు దించుతుంది, బాణం వీపు మీద నుంచి పోతుంది. దూరం పెరిగేకొద్దీ దానికి దొరికే సమయమూ పెరుగుతుంది. ఎన్ని పిన్నులున్నా దీనికి మందు లేదు.

పైగా టెక్సాస్‌లో ప్రైవేట్ భూమిలో జింకలకు మొక్కజొన్న వేసే ఫీడర్ పెట్టుకోవచ్చు. ఫీడర్‌కు స్టాండ్ ఎంత దూరంలో ఉండాలో మీరే నిర్ణయిస్తారు కాబట్టి ఇరవై గజాలకు పెట్టుకుంటే సరిపోతుంది. ఎక్కగానే రేంజ్‌ఫైండర్‌తో నాలుగైదు చెట్లకు దూరం కొలిచి గుర్తు పెట్టుకోండి. ఇరవై అడుగుల ఎత్తులో ఉన్నాం, కోణం లెక్కేయాలా అని కొత్తవాళ్ళు కంగారు పడతారు. ఇరవై గజాలకు ఆ తేడా ఒక్క గజం, పట్టించుకోనక్కర్లేదు.

ఇక ఐదు పిన్నుల సంగతి. ప్రాక్టీసు రేంజిలో బొమ్మ మీద కొట్టేటప్పుడు చాలా బాగుంటుంది. 20, 30, 40, 50, 60, పైనుంచి కిందకు వరసగా రంగులు. కానీ సూర్యాస్తమయం దాటాక అరగంట వరకు చట్టం వేటాడనిస్తుంది, పెద్ద మగ జింకలు సరిగ్గా ఆ అరగంటలోనే బయటకొస్తాయి. ఆ మసక వెలుతురులో, గుండె దడదడలాడుతుంటే, నారిలో బిగించిన పీప్ రంధ్రంలోంచి ఐదు చుక్కలు జింక ఒంటి మీద పరుచుకుని కనిపిస్తాయి. మా తోడల్లుడు అలాగే ఇరవై గజాల జింక మీద నలభై గజాల పిన్ పెట్టి వదిలాడు. అంటే ఏడంగుళాలు పైకి! జింక బతికిపోయింది, బాణం ఎక్కడో పొదల్లో పడింది. ఆయనేమీ చేతగాని మనిషి కాదు, రేంజిలో నాకంటే బాగా కొడతాడు. టెన్షన్‌లో మెదడు లెక్కపెట్టలేదు, అంతే.

అలాగని మల్టీ పిన్ పనికిరానిదేమీ కాదు. కొలరాడోకు ఎల్క్ అనే పెద్ద జింకల వేటకు వెళ్ళినప్పుడు నేను మూడు పిన్నుల సైటే పెట్టుకున్నాను. అక్కడ ఫీడర్లు, కొలిచిపెట్టుకున్న చెట్లు ఉండవు. అరుపుకి అరుపు ఇచ్చి రప్పిస్తే ఎల్క్ 50 గజాల్లో కనిపిస్తుంది, మీరు నారి లాగేసరికి 40కి వస్తుంది, ఒక చెట్టు దాటి 25లో నిలబడుతుంది. అప్పటికి మీ ఒక చెయ్యి విల్లు మీద, ఇంకో చెయ్యి నారి మీద. చక్రం తిప్పడానికి మూడో చెయ్యి ఎక్కడి నుంచి తెస్తారు? నారి వదులు చేసి మళ్ళీ లాగితే ఆ కదలికకే అది పారిపోతుంది. దానికి తోడు కొండవాలు. 30 డిగ్రీల వాలులో రేంజ్‌ఫైండర్ నేరు దూరం 50 చూపిస్తే మీరు కొట్టాల్సింది 43కి. అలాంటి చోట పిన్నుల మధ్య ఖాళీలో గురిపెట్టడం ఒక్కటే మార్గం.

స్లైడర్‌తో ఇంకో చిక్కు ఉంది. దూరంగా ఒక జింక కనబడితే చక్రాన్ని 45కి తిప్పుతారు, అది వెళ్ళిపోతుంది, వెనక్కి తిప్పడం మర్చిపోతారు. పది నిమిషాలకు ఇంకొకటి చెట్టు కిందకే వస్తుంది, పిన్ మాత్రం ఇంకా 45 మీదే ఉంటుంది. జోలికి పోకండి అన్నది ఇందుకే. స్లైడింగ్ అంతా ప్రాక్టీసుకు ఉంచుకోండి. 50, 60 గజాల నుంచి బొమ్మ మీద కొట్టినవాడికి అడవిలో 25 చాలా తేలిగ్గా ఉంటుంది.

రెండు మూడేళ్ళలో పడమటి రాష్ట్రాలకు కూడా వెళ్ళే ఆలోచన ఉంటే, మూడు పిన్నుల స్లైడర్ ఇప్పుడే తీసుకోవచ్చు. 20, 30, 40 కదలకుండా ఉంటాయి, అంతకు మించిన దూరానికి మొత్తం సైట్ జరుగుతుంది. ఖరీదు ఎక్కువ, బరువూ ఎక్కువే. నన్నడిగితే మొదటి సీజన్‌కు అనవసరం.

పిన్ మందం గురించి షాపువాళ్ళు సన్నదే మేలంటారు. 0.010 అంగుళాల పిన్ బొమ్మల పోటీలకు మంచిది, మసకలో కనబడదు. 0.019 తీసుకోండి, 40 గజాల దగ్గర కూడా అది కప్పేది అంగుళం లోపే. సైట్‌కు బ్యాటరీ లైటు పెట్టుకునే ముందు మీరు వేటాడే రాష్ట్రం రూల్స్ చూడండి. కొలరాడోలో విల్లుకు అలాంటి సైట్ లైటు ఉండకూడదు.

మీకు దగ్గర్లోనే ఉన్న గ్రేసన్ కౌంటీలో జింకను తుపాకీతో కొట్టనివ్వరు, విల్లు, క్రాస్‌బో మాత్రమే. అందుకే అక్కడ జింకలు పెద్దవయ్యేదాకా బతుకుతాయి. వేటకు భూమి లీజుకు దొరికితే వదలకండి. 1971 సెప్టెంబర్ 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళకు టెక్సాస్‌లో హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు తప్పనిసరి, లైసెన్స్‌తో పాటు అది కూడా చూసుకోండి. ఇది చదివి ఆంధ్రా, తెలంగాణల్లో ఎవరైనా ఉత్సాహపడితే: 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం అక్కడ జింక వేట జైలుకు పోయే నేరం.

సైట్ బిగించాక ముందు బాణం ఖాయం చేసుకోండి. 100 గ్రెయిన్ల బరువున్న మొన నుంచి 125కి మారినా స్లైడర్‌కు అతికించే టేపు మీద దూరాల అంకెలు తప్పుతాయి. టేపు అతికించే ముందు 20 గజాలకు, 60 గజాలకు కొట్టి చూసి రెండింటికీ సరిపోయేది ఎంచుకోవాలి. చివరగా, ప్రాక్టీసు మొనలతో కుదిరిన గురి బ్రాడ్‌హెడ్‌లతో (వేటకు వాడే బ్లేడ్ల మొనలతో) కుదరకపోవచ్చు, ముఖ్యంగా కదలని బ్లేడ్లవైతే. సీజన్ మొదలయ్యే వారం ముందు అడవికి తీసుకెళ్ళే బ్రాడ్‌హెడ్‌లతోనే కొట్టి, 25 గజాల పిన్‌ను వాటికి సరిచేసుకోండి.