ఉపగ్రహం బోరు పాయింట్ పెట్టదు

ప్రశ్న: మాది నాందేడ్ జిల్లా దెగ్లూర్ దగ్గర పల్లె. మూడు బోర్లు వేశాం, ఒక్కటీ పడలేదు. అప్పు మిగిలింది. అబ్బాయికి ఈ ఏడు బీఎస్సీ జియాలజీ అయిపోతుంది. ఉపగ్రహ చిత్రాలతో నీళ్లు కనిపెట్టే ఆరు నెలల జీఐఎస్ (కంప్యూటర్‌లో మ్యాపుల పని) కోర్సుకు హైదరాబాద్ పంపాలా, ఎమ్మెస్సీ చదివించాలా? ఏది త్వరగా సంపాదన ఇస్తుంది?

జవాబు: అబ్బాయి చదువు నాలుగో బోరవుతుందేమోనని మీ భయం. అది అర్థమవుతుంది. కానీ వాడికేది ఇష్టమో ఉత్తరంలో ఒక్క మాట లేదు. ముందు అది అడగండి.

కోర్సు ప్రకటనలను నమ్మకండి. ఉపగ్రహానికి భూమి లోపలి నీళ్లు కనిపించవు. సెంటినెల్-2 అనే ఉపగ్రహం చిత్రంలో ఒక్క చుక్క పొడవూ వెడల్పూ 10 మీటర్లు, అంటే దాదాపు ఒక గుంట. ల్యాండ్‌శాట్ ఉపగ్రహం చిత్రంలో 30 మీటర్లు, దాదాపు తొమ్మిది గుంటలు. మీ బోరు వెడల్పు ఆరున్నర అంగుళాలు! చిత్రంలో దొరికేవి ఆనవాళ్లే: మే నెలలో తడి పెట్టని చోట పచ్చగా సాగిన గీత, ఉన్నట్టుండి తిన్నగా మళ్లిన వాగు. ఆ గీత కింద రాతి పగులు ఉండొచ్చు. పాత బండ్లబాటో, కాలువో కూడా కావచ్చు. గ్రానైటులోకి నిలువుగా గోడలా చొచ్చుకొచ్చిన వేరే రాయి (డైక్) అయితే మరీ చిక్కు. ఒక పక్క నీళ్లు ఆపుతుంది, రెండో పక్క ఎండుతుంది, సరిగ్గా దాని మీదే బోరేస్తే రాతిపొడే వస్తుంది. మీ దెగ్లూర్, బిలోలి వైపు గ్రానైటు తగులుతుంది, పడమరకు పోతే బసాల్టు, అంటే పొరలు పొరలుగా గడ్డకట్టిన లావా రాయి. గ్రానైటులో నీళ్లు పైనున్న మెత్తబడిన పొరలో, దాని కింది పగుళ్లలో ఉంటాయి. బసాల్టులో పొరకూ పొరకూ మధ్య వెతకాలి. వాలు, వాగులు, పగుళ్లు, నేల తీరు అన్నిటికీ మార్కులేసి రంగుల మ్యాపు తీయడం ఎవరైనా నేర్చుకుంటారు. రెండు రాళ్లకూ ఒకే మార్కులేస్తే, ఉన్న బావులతో సరిచూడకపోతే, అది గోడకు తగిలించుకోవడానికే పనికొస్తుంది. పాయింట్ పెట్టే ముందు నేల మీద విద్యుత్ నిరోధకత పరీక్ష (నేలలోకి కరెంటు పంపి లోపలి పొరలను అంచనా వేయడం) చేయాల్సిందే.

ఆ కోర్సులో నేర్పేది ప్రధానంగా సాఫ్ట్‌వేర్. మ్యాపులు తీసే సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్ ఉచితం, సెంటినెల్ చిత్రాలూ ఉచితం. ఇంట్లో కూర్చుని నేర్చుకోవచ్చు. దానికి ఫీజెందుకు?

ఎమ్మెస్సీ చేయించండి. కేంద్ర భూగర్భ జల మండలిలో హైడ్రోజియాలజీ శాస్త్రవేత్త పోస్టులను యూపీఎస్సీ జియో సైంటిస్ట్ పరీక్షతో నింపుతారు. దానికి జియాలజీ లాంటి సబ్జెక్టులో పీజీ కావాలి, సర్టిఫికెట్ కోర్సు చెల్లదు. ఉపగ్రహ చిత్రాల పని తర్వాత డెహ్రాడూన్‌లోని ఐఐఆర్‌ఎస్ (ఇస్రో వారి రిమోట్ సెన్సింగ్ శిక్షణ సంస్థ)లో నేర్చుకోవచ్చు. త్వరగా సంపాదన అన్నారు. ఎమ్మెస్సీలో అది లేదు, ఆరు నెలల కోర్సులోనూ లేదు.

ఆ మూడు బోర్లూ వేసేటప్పుడు ఎన్ని అడుగులకు ఏ రాయి వచ్చిందో రాసుకున్నారా? చుట్టుపక్కల బావుల లోతు చూశారా? పాయింట్ పెట్టినాయన మాట విని డబ్బు కట్టినప్పుడు అడగాల్సిన ప్రశ్నలివి. ఇప్పుడైనా మీకు గుర్తున్నంత అబ్బాయికి చెప్పండి, పనికొస్తుంది.

మే నెలలో ఒకసారి, వానలయ్యాక అక్టోబరులో ఒకసారి ఊళ్లో బావులన్నిటి నీటిమట్టం కొలవమనండి. ఫోన్ జీపీఎస్‌తో చోటు గుర్తించి క్యూజీఐఎస్‌లో పెట్టమనండి. ఎండలో ఆ తిరుగుడు నచ్చితే ఈ దారి వాడిదే. కొలిచే ముందు మాత్రం మోటారు ఆపి కొన్ని గంటలు ఆగాలి. నడుస్తున్న బావిలో మట్టం తప్పు చూపిస్తుంది.