డోర్ స్పీకర్లు మార్చి, ట్వీటర్లు విడిగా పెట్టించాలా? ముందు డోర్ సంగతి చూడండి

ఒకరు అడిగింది ఇదీ: "అనంతపురంలో ఉంటాం. బండితో వచ్చిన డోర్ స్పీకర్లు తీసేసి కొత్తవి వేయించి, ట్వీటర్లు విడిగా పెట్టించాలి. ఏ కంపెనీవి మంచివి?"

ట్వీటర్లంటే సన్నటి పై శబ్దాలిచ్చే చిన్న స్పీకర్లు. కంపెనీ సంగతి తర్వాత చూసుకోవచ్చు. ఇంట్లో స్పీకర్‌కి చెక్కపెట్టె ఉంటుంది. కారులో ఆ పెట్టె డోరే. పల్చటి రేకు, లోపలి వైపు అరచెయ్యి దూరేంత కన్నాలు, మధ్యలో అద్దం దిగే సందు. కోన్ (స్పీకర్‌లో ఊగే గరాటు) వెనక నుంచి వచ్చే శబ్దం ఆ కన్నాల గుండా ముందుకొచ్చి, ముందు నుంచి వచ్చే బేస్‌ని, అంటే బరువైన కింది శబ్దాన్ని, మింగేస్తుంది. "కొత్తవి వేయించినా బేస్ లేదు" అనేవాళ్ల బండ్లలో చాలావరకు జబ్బు ఇదే. పది వేల స్పీకర్‌ని ఉత్త డోర్‌లో బిగిస్తే, కన్నాలు సరిగ్గా మూసిన డోర్‌లో ఉన్న మూడు వేల స్పీకర్ ముందు తేలిపోతుంది.

డోర్ ప్యాడ్ విప్పడం కష్టమేం కాదు. లోపలి హ్యాండిల్ వెనక ఒక స్క్రూ, చెయ్యి పట్టుకునే గుంటలో ఒకటో రెండో, చుట్టూ క్లిప్పులు. ప్లాస్టిక్ పట్టీతో కింది మూల నుంచి లాగాలి, స్క్రూడ్రైవర్ పెట్టి పెళ్లగించకూడదు. పాత బండిలో రెండు మూడు క్లిప్పులు విరగడం ఖాయం, కాబట్టి ముందే పది కొనిపెట్టుకోండి. విరిగిన క్లిప్ బదులు ఖాళీ వదిలేస్తే, రేపు పాట పెట్టగానే ప్యాడ్ కిర్రుమంటుంది, నింద స్పీకర్ మీద పడుతుంది. పవర్ విండో వైర్ల కప్లర్ పీకేముందు బ్యాటరీ నెగటివ్ తీసేయండి.

ప్యాడ్ వెనక జిగురుతో అంటించిన ప్లాస్టిక్ కవర్ ఉంటుంది. పని తొందరలో దాన్ని చింపి పడేసే అలవాటు చాలా షాపుల్లో ఉంది. అద్దం సందులోంచి దిగే నీళ్లు క్యాబిన్‌లోకి రాకుండా ఆపేది ఆ కవరే. మెల్లగా ఒలిచి, పని అయ్యాక మళ్లీ అదే జిగురు మీద నొక్కాలి.

ఇక డ్యాంపింగ్, అంటే రేకు మోగకుండా చేయడం. బయటి రేకుని వేలి కణుపుతో కొట్టి చూడండి, డబ్బా మోగినట్టు "టంగ్" అంటుంది. దుమ్ము తుడిచి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో జిడ్డు తీసి, 2 మిల్లీమీటర్ల బ్యూటైల్ రబ్బరు షీట్ అంటించి రోలర్‌తో గట్టిగా తొక్కాలి. మళ్లీ కొడితే "దబ్" అని అక్కడే ఆగిపోవాలి. రేకు మొత్తం కప్పాల్సిన పని లేదు, స్పీకర్ వెనకా మధ్యలోనూ ముక్కలు వేసినా చాలు. లోపలి రేకు కన్నాలు కూడా మూస్తే ఒక్కో డోర్‌కి 5, 6 చదరపు అడుగులు పడుతుంది. అడుగున నీళ్లు పోయే రంధ్రాలు మాత్రం మూయొద్దు, డోర్ తుప్పు పడుతుంది. చవగ్గా వస్తుందని తారు షీట్ వేయించుకోవద్దు. మన దగ్గర మేలో 42 డిగ్రీలు మామూలే, ఎండలో నిలిపిన బండి రేకు మీద చెయ్యి ఆనదు. ఆ వేడికి తారు మెత్తబడి జారుతుంది.

స్పీకర్ కింద వేసే రింగు కూడా అంతే ముఖ్యం. ఎమ్‌డీఎఫ్ (చెక్కపొడి అట్ట) రింగు నీళ్లు తగిలితే రొట్టెలా ఉబ్బుతుంది. అనంతపురంలో వానే తక్కువ కదా అంటారు, మరి వాటర్ సర్వీసింగ్‌లో పైపు పెట్టి కొట్టే నీళ్లు ఎక్కడికి పోతాయి? ప్లాస్టిక్ రింగు వేయించండి. రింగుకీ రేకుకీ మధ్య, స్పీకర్‌కీ రింగుకీ మధ్య ఫోమ్ పట్టీ ఉండాలి. చాలా బండ్లలో ముందు డోర్‌కి 6.5 అంగుళాల సైజు పడుతుంది కానీ, మాగ్నెట్ లోతు వేరువేరుగా ఉంటుంది. బిగించేముందు అద్దం పూర్తిగా దించి చూడాలి. సగం దించి "సరిపోయింది" అనుకుంటే, టోల్‌గేట్ దగ్గర అద్దం మాగ్నెట్‌కి కొట్టుకుంటుంది.

ట్వీటర్ల దగ్గర జరిగే తప్పు డబుల్ టేపు. మధ్యాహ్నం రెండింటికి డోర్ తీసేసరికి టేపు జిగురు పాకంలా సాగి పిల్లర్‌కి (ముందు అద్దం పక్క స్తంభానికి) అంటుకునుంటుంది, ట్వీటర్ రెండు వైర్ల మీద వేలాడుతుంటుంది. సెట్‌తో వచ్చే కప్పు స్క్రూతో బిగించండి, లేదా అద్దం మూల త్రికోణం ముక్కకి కన్నం చేసి కూర్చోబెట్టండి. పిల్లర్ మీద ఎయిర్‌బ్యాగ్ అని రాసుంటే దాని జోలికి పోవద్దు, వైర్ కూడా దాని ముందు నుంచి లాగొద్దు.

కింది శబ్దాల్ని వూఫర్‌కి (డోర్‌లోని పెద్ద స్పీకర్‌కి), పై శబ్దాల్ని ట్వీటర్‌కి పంచే చిన్న డబ్బా క్రాసోవర్. దాన్ని డోర్‌లో పెట్టకుండా డ్యాష్‌బోర్డ్ కింద పక్క ప్యానెల్ వెనక పెట్టాలి. స్టీరియో నుంచి క్రాసోవర్‌కి, అక్కణ్ణుంచి కంపెనీ వైర్‌లోనే డోర్ వూఫర్‌కి, పిల్లర్ ట్వీటర్‌కి మాత్రం కొత్త వైర్. అప్పుడు డోర్ రబ్బరు బూట్‌లో వైర్ దూర్చే బాధే ఉండదు. పాత ట్వీటర్ ఉంటే దాని కప్లర్ పీకేయండి, రెండూ కలిసి పాడితే గోల తప్ప స్పష్టత ఉండదు. కోయాక్సియల్ (మధ్యలోనే ట్వీటర్ ఉన్న స్పీకర్) పక్కన ఇంకో 4 ఓమ్‌ల ట్వీటర్ కలపడమూ తప్పే. పై శబ్దాల దగ్గర లోడ్ 2 ఓమ్‌లకి పడి స్టీరియో వేడెక్కుతుంది.

విడి ట్వీటర్‌కి, కింది శబ్దాల్ని ఆపే కెపాసిటర్ లేకుండా ఎప్పుడూ వైర్ ఇవ్వొద్దు. 4 ఓమ్‌లకి 10 మైక్రోఫారడ్ వేస్తే కోత 4,000 హెర్ట్జ్ దగ్గర, 4.7 వేస్తే 8,500 దగ్గర పడుతుంది, అంటే అంతకు కింది శబ్దాలు తగ్గిపోతాయి. నాన్ పోలార్ (ప్లస్, మైనస్ తేడా లేని) రకమే కావాలి.

డబ్బా మీద 300 వాట్లు అని అచ్చేసే పద్ధతి చూస్తే ఒళ్లు మండుతుంది. చూడాల్సింది ఆర్‌ఎమ్‌ఎస్, అంటే ఆగకుండా తట్టుకునే పవర్. స్టీరియో మీద 50 వాట్లు నాలుగు అని రాసున్నా, నిజంగా ఇచ్చేది ఒక్కో ఛానల్‌కి 15 నుంచి 20. అందుకే విడి ఆంప్లిఫయర్ లేకపోతే సెన్సిటివిటీ (ఒక వాట్‌కి ఎంత శబ్దం ఇస్తుందో) 90 డెసిబెల్స్ దాటిన సెట్ తీసుకోండి. 3 డెసిబెల్స్ తగ్గితే అదే శబ్దానికి రెట్టింపు పవర్ కావాలి. వెనక స్పీకర్లకి పెట్టే డబ్బు కూడా ముందు జతకే పెట్టండి, డ్రైవింగ్ సీట్లో వినేది వాటినే.

అన్నీ కలిపాక ప్యాడ్ మూయకముందే 1.5 వోల్టుల సెల్‌ని రెండు వూఫర్ల వైర్లకీ క్షణం తాకించండి. ప్లస్‌కి ప్లస్ ఇచ్చినప్పుడు రెండు కోన్లూ బయటికే రావాలి. ఒకటి లోపలికి పోతే దాని వైర్లు తిరగేసి కలపాలి, లేదంటే ఎంత మంచి సెట్టయినా బేస్ చచ్చిపోతుంది. తర్వాత స్టీరియోలో హై పాస్ (మరీ కింది శబ్దాల్ని ఆపే సెట్టింగ్) 80 హెర్ట్జ్ పెట్టి, మీకు బాగా తెలిసిన పాట వినండి. "స", "ష" అక్షరాలు చెవిలో గుచ్చితే ట్రెబుల్ తగ్గించకండి. ముందు ట్వీటర్‌ని రెండు సీట్ల మధ్యకి తిప్పండి. అప్పటికీ గుచ్చుతుంటే క్రాసోవర్‌లో ట్వీటర్ శబ్దం తగ్గించే జంపర్‌ని (చిన్న పిన్నుని) మైనస్ 3 డెసిబెల్స్‌కి మార్చండి. పదిహేను రోజులు స్పీడ్ బ్రేకర్ల మీద తిరిగాక గ్రిల్ తీసి చూసి, సడలిన స్క్రూలు మళ్లీ బిగించండి.