సున్నిపిండికి ఒక అడ్రస్ కావాలి

ప్రశ్న: నాది కంటెంట్ రైటింగ్, ల్యాప్‌టాప్ ఉంటే చాలు. సొంతూరు రాజమండ్రి, కానీ ఏడాదిగా గోకర్ణ, వర్కల, ఇప్పుడు ధర్మశాల... ఎక్కడా రెండు నెలలకు మించి ఉండను. ఏ గదిలో ఉన్నా అమ్మమ్మ లెక్క ప్రకారం సున్నిపిండి, కలబంద జెల్ చేసుకుంటాను. చూసినవాళ్లు అడిగి మరీ కొంటున్నారు. తిరగడం మానకుండా దీన్ని వ్యాపారం చేయొచ్చా?

జవాబు: చేయొచ్చు. కాకపోతే మీరు ఎంతైనా తిరగండి, తయారీ మాత్రం ఒకచోట ఉండాలి. కాస్మెటిక్స్ రూల్స్ 2020 ప్రకారం ఇలాంటివి అమ్మడానికి తయారు చేయాలంటే రాష్ట్ర ఔషధ నియంత్రణ శాఖ లైసెన్స్ ఉండాలి, అది ఫలానా చోటుకని ఇస్తారు, హాస్టల్ వంటగదికి రాదు. ఇప్పుడు మీరు అమ్ముతున్నదీ ఆ లెక్కలోకే వస్తుంది, కాబట్టి ముందు అది ఆపండి. సొంత యూనిట్ మీకు అనవసరం. లైసెన్స్ ఉన్న యూనిట్‌లో మీ పాళ్లతో చేయించుకోండి, లేదా వాళ్ల యూనిట్ వాడుకుంటూ మీ పేరున లోన్ లైసెన్స్ తీసుకోండి. రాజమండ్రిలో అక్కో వదినో పార్సిళ్లు కడితే ఆర్డర్లు, ఫోటోలు, డబ్బుల లెక్క మీరు ధర్మశాల నుంచే చూసుకోవచ్చు. అన్నట్టు, వేరే రాష్ట్రానికి ఒక్క డబ్బా పంపి అమ్మినా జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉండాలి.

జెల్ జోలికి ఇప్పుడే పోకండి. నీళ్లున్న ప్రతిదానికీ ప్రిజర్వేటివ్ కావాలి, విటమిన్ ఇ క్యాప్సూల్ కలిపితే సరిపోతుందనుకుంటారు చాలామంది, అది నూనె కంపు కొట్టకుండా ఆపుతుందేమో గానీ బూజును ఆపదు. న్యాచురల్ అంటే ప్రిజర్వేటివ్ ఉండకూడదు కదా అంటారేమో, బూజు కూడా న్యాచురలే!

పొడితో మొదలుపెట్టండి. అయితే పెసలు, కస్తూరి పసుపు కటకటలాడేలా ఎండాలి. ఒక శ్రావణంలో నేను తొందరపడి సగం ఎండినవే మరపట్టించి స్టీలు డబ్బాకెత్తాను, మూడు వారాల తర్వాత మూత తీస్తే పిండి ఉండలు కట్టి, ఉండ చిదిమితే లోపల తెల్లటి పురుగు. అది ఇంట్లోకి చేసుకున్నది కాబట్టి పారబోసి ఊరుకున్నాను, అదే ఐదు కిలోల ఆర్డరైతే?

లేబుల్ మీద మొటిమలు తగ్గిస్తుంది, మచ్చలు మాయం చేస్తుంది అని రాయకండి. జబ్బు నయం చేస్తుందన్నారంటే అది కాస్మెటిక్ కాదు, మందు, దాని లైసెన్స్ వేరు.

ఇంకొకటి, అమ్మమ్మ లెక్కలో బావంచాలు అనే గింజలు ఉన్నాయేమో కనుక్కోండి. వాటిలోని సోరాలెన్ అనే పదార్థం చర్మం మీద ఉండగా ఎండ తగిలితే కొందరికి బొబ్బలెక్కుతాయి. మీ అమ్మమ్మ స్నానం చేసి నీడపట్టున ఉండేవారేమో, మీ దగ్గర కొనేవాళ్లు వర్కల బీచ్‌లో పడుకునేవాళ్లు. అవి తీసేసి చేయించండి.